జెముడు పాదుల్లో నిర్మాల్యం

ముళ్ళు లేని జెముడు ఒకటి ఉందనీ, గడ్డి దొరకని ఎండాకాలంలో పశువుల ప్రాణం నిలబెట్టేది అదేననీ నాకు మొదట చెప్పిన మనిషి మా ఆడపడుచు. మా ఆయనకు అక్క, నాకు వదిన. అనంతపురం వైపు మెట్టపల్లెలో సేద్యం. ఎప్పుడొచ్చినా ఆమె సంచిలో వేరుశనక్కాయలు ఉండేవి. ఆసారి సంచి విప్పితే పచ్చటి జెముడు మట్టలు, ఒక్కొక్కటి చేటలో సగమంత.

"ఏంది వదినా, నాగజెముడును నట్టింట్లోకి తెచ్చినావు?" అని వెనక్కి జరిగాను.

"నిమిరి చూడు మే, కరవదులే," అని ఒక మట్ట నా చేతిలో పెట్టింది. నున్నగా, చల్లగా, దూడ చెవిలాగా ఉంది. ఒక్క ముల్లు లేదు. వాళ్ళ ఊర్లో పశువుల శాఖవాళ్ళు పంచారట. కరువుకు తట్టుకుంటాది, ఆవులు కరకరా నమలతాయి, తాగే నీళ్ళు కూడా సగం దాంట్లోంచే వస్తాయి అని బస్సులో వచ్చిన అలుపు కూడా మరిచి చెప్పుకుపోయింది.

ఆ మట్టలు తెచ్చింది నాకోసం కాదు, మా పాలామె కోసం. గోపన్‌పల్లిలో మేముండే సందు ఒక గేటెడ్ కమ్యూనిటీ గోడకు పోయి ఆగుతుంది. గోడకు ఇవతల కొంత జాగా కోర్టు గొడవల్లో పడి ఎవరూ ఏమీ కట్టలేక అట్లే మిగిలింది. ఒకప్పుడు అది పాలామె మామగారిది. ఎన్నో చేతులు మారి ఇప్పుడెవరిదో తేలలేదు కాబట్టే ఆమె రేకుల కొట్టమూ, అందులో రెండు బర్రెలూ నిలిచాయి. పెళ్ళై ఈ ఊరొచ్చిన కొత్తలో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక గడపలో నిలబడి ఉంటే, పాలు పోస్తూ, "ఏంది చెల్లె, మొకం గట్ల వెట్టినవ్? మీ దిక్కు వానలు వడలేదని గీడ గూడ ఏడుస్తవా?" అని నన్ను నవ్వించిన మొదటి మనిషి ఆమె. నా కాన్పప్పుడు మా అమ్మ మంచంపట్టి రాలేకపోతే, బిడ్డను కాళ్ళమీద వేసుకుని నలుగు పెట్టి నీళ్ళు పోసింది కూడా ఆమే. అక్కా అని పిలిచేదాన్ని. తోడబుట్టిన అక్కకు కూడా నేనంత రుణపడి ఉండను.

ఆమెకున్న బెంగ ఒకటే, ఎండాకాలం. గడ్డి కోసుకొచ్చే చోట్లన్నీ ఒక్కొక్కటిగా గోతులై, గోతులు సెల్లార్లై, పైన అద్దాల మేడలు లేచాయి. శంకర్‌పల్లి అవతలి నుంచి ఆటోలో వచ్చే వరిగడ్డే దిక్కు. అంతకుముందు వేసవిలో మేత చాలక ఒక బర్రెను అమ్ముకుంది. మిగిలిన రెండింటిలో ఒకటి పెద్దది, ఒకటి పడుచుది. "గీ రెండు కూడ వోతే నన్నెవరు పలకరిస్తరు చెల్లె? పాలకోసం ఆగుతరు గనీ, నా మొకం కోసం ఆగుతరా?" అనేది. నవ్వుతూనే అనేది. కానీ ఆ రెండు బర్రెలను ఎండాకాలం దాటించడం మీదే ఆమె బతుకంతా ఆని ఉందని నాకు తెలుసు.

వదిన ఉన్న నాలుగు రోజులూ ఆ జాగాలోనే గడిపింది. మట్టలు వెంటనే నాటనివ్వలేదు. నీడలో పరిచి ఆరబెట్టింది.

"కోసిన కాడ గాయం మానల్ల. పచ్చి గాయంతో నాటితే కుళ్ళిపోతాది."

"నీళ్ళు ఎప్పుడు వొయ్యాలె?" అంది పాలామె.

"నాటినంక కొన్నాళ్ళు దాని జోలికి పోవద్దు. తర్వాత కూడా దప్పికకు పోసినట్టు పోయల్ల, తానానికి పోసినట్టు కాదు."

"అబ్బ, మీ సీమోళ్ళు నీళ్ళకాడ గింత పిసినారులేందమ్మా!"

"ఉంటే కదమ్మా పోసేది!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. బోదెలు ఎత్తి, బోదెమీద మట్టను మూడోవంతు మట్టిలోకి దించి, తూర్పు పడమరల ఎండ రెండువైపులా తగిలేట్టు నిలబెట్టడం వదినే చేసి చూపించింది. పాదుకు రెండు దోసిళ్ళు మాగిన పేడ ఎరువు వేయమంది. "పచ్చిది వేసేరు, వేడికి మాడి చస్తాది," అని రెండుసార్లు చెప్పి బస్సెక్కింది.

కొట్టం బోరు మాఘమాసానికే బురద కక్కడం మొదలుపెడుతుంది. అందుకని నేనూ పాలామె కలిసి గోడవతలి కమ్యూనిటీవాళ్ళను నీళ్ళడగడానికి పోయాము. అసోసియేషన్ సెక్రటరీ గారు గోదావరి జిల్లాల మనిషి, ఐటీలో పెద్ద ఉద్యోగం. మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టారు.

"తప్పకుండానండి! మన ఎస్టీపీ వాటరంతా వేస్టుగా డ్రెయిన్లోకే పోతోందండి. క్రిస్టల్ క్లియర్ అండి, వాసనే ఉండదు. నేనైతే తాగేస్తానండి."

పాలామె నా చెవిలో, "ఒక గిలాస తెద్దునా చెల్లె, తాగుతడంట," అంది. నవ్వు ఆపుకోలేక నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అయినా మనసులో ఆయనకు దండం పెట్టుకున్నాను. అడిగిన వెంటనే నీళ్ళిచ్చే మనిషి ఈ రోజుల్లో ఎక్కడున్నాడు?

గోడమీదుగా పైపు దించారు. మొదటిసారి వచ్చిన నీళ్ళను దోసిట పట్టి చూశాను. గోరువెచ్చగా, పైన తెల్లటి నురగ, సబ్బు వాసన. ఆ సబ్బు వాసన కింద ఇంకొకటుంది, అదేదో రాయక్కర్లేదు. ఎస్టీపీ అంటే మురుగునీళ్ళు శుద్ధి చేసే మిషననీ, అది సగం రోజులు నడవదనీ వాచ్‌మన్ చెప్పాడు. మొక్కకు ఇవన్నీ పట్టవులే, పశువులు తాగకపోతే చాలు అనుకున్నాము. కొంచెం పోసి కట్టేయమని పైపు చూసుకునే అబ్బాయికి చెప్పి వచ్చాము.

వాళ్ళ ట్యాంకు నిండి పొర్లితే ఇబ్బంది వాళ్ళకే కదా. ఒక శనివారం పైపు విప్పి వదిలేశారు, సోమవారం దాకా. మేము చూసేసరికి బోదెలు కరిగిపోయి, నురగలో మట్టలు తేలుతున్నాయి. ఎండకు ఆ నీళ్ళు పులిసాయి. పట్టుకుంటే మట్ట వేళ్ళమధ్య చీమిడిలా జారిపోయింది. లోపల పసుపురంగు జిగురు, పాచిపోయిన కూర కంపు. ఆ చేత్తో ఆ పూట అన్నం కలుపుకోలేకపోయాను. సెక్రటరీ గారికి చెబితే, "అయ్యో, వాటర్ ఎక్కువైతే ఇంకా బాగా పెరుగుతుందనుకున్నారేమోనండి మావాళ్ళు," అన్నారు. పాలామె బయటికొచ్చి, గేటు దాటాక తుపుక్కున ఉమ్మింది.

బతికిన మట్టలను ఏరి, కుళ్ళినచోటు కోసి ఆరబెట్టి, ఈసారి మోకాలెత్తు బోదెలు చేసి నాటింది. పైపు మూతి తీగతో బిగించి, ఆ నీళ్ళను పాత పెయింటు డబ్బాలో పట్టి, డబ్బాకు మేకుతో బెజ్జం చేసి పాదుపాదుకూ పెట్టుకుంటూ పోయింది. చుక్కచుక్కగా దిగే ఆ నీటితో జెముడు నిలదొక్కుకుంది. వానలు పడ్డాక మట్టమీద మట్ట లేచింది, వాటినే కోసి ఆరబెట్టి జాగా అంతా నాటింది. వీడియో కాల్లో చూపిస్తే వదిన, "నా తల్లే, నాకంటే బాగా పెంచినావు," అంది. ఆ రోజు నేను దేవుడికి పరమాన్నం చేశాను, ఆ బర్రెల పాలతోనే.

ఆ మరుసటి ఎండాకాలం కోతకు రావాలంటే ఎరువు కావాలి. రెండు బర్రెల పేడ ఆ జాగాకంతా చాలలేదు. అప్పుడే సెక్రటరీ గారు కబురుచేశారు. కమ్యూనిటీ లోపల ఒక గుడుంది. గుడి పూలూ, ఇళ్ళలో పూజగదుల పూలూ చెత్తబండిలో పోతున్నాయని ఎవరో పెద్దావిడ బాధపడిందట. "నిర్మాల్యాన్ని చెత్తలో వెయ్యకూడదు కదండి. మీ కాక్టస్‌కి ఆర్గానిక్ ఎరువు చేసేయండి. పుణ్యం, పురుషార్థం రెండూనండి."

నిజం చెప్పాలంటే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. నేను బడికి పోలేదు. మా నాయనమ్మ ఇంట్లోనే పలకమీద అక్షరాలూ, నోటితో స్తోత్రాలూ నేర్పింది. దేవుడి మీది పువ్వు కాలికింద పడకూడదు, పారే నీళ్ళలోనో చెట్టు మొదట్లోనో వెయ్యాలి అని చెప్పేది. పారే నీళ్ళు ఇక్కడ ఏవి? ఉన్న చెరువులన్నీ నురగే. అలాంటప్పుడు దేవుడి పువ్వు ఒక చెట్టుకింద మాగి, ఆ చెట్టు ఒక మూగప్రాణి కడుపు నింపితే అంతకంటే ఏం కావాలి?

గుడి పక్కన పసుపురంగు వేసిన పెద్ద డ్రమ్ము పెట్టారు. మీద తామరపువ్వు బొమ్మ. వారానికి రెండుసార్లు దాన్ని ఇద్దరం తోపుడుబండిమీద తెచ్చుకునేవాళ్ళం.

మూత తీసిన మొదటిరోజు బంతిపూల వాసన వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. అభిషేకం పాలూ పెరుగూ తేనే అందులోనే పోసేవారు. అది పులిసి, పురుగుపట్టి, బుడగలు తేలేది. కుళ్ళిన అరటిపళ్ళమీద ముసిరిన జోరీగలు మూత తీయగానే ముఖంమీదికి లేచేవి. నూనె వత్తులు, అగరుబత్తి కవర్లు, కర్పూరం డబ్బాలు, పగిలిన పటాల గాజుపెంకులు, కళ్ళు చెదిరే గులాబీరంగు కుంకుమ, థర్మాకోల్ మండపం ముక్కలు. ఎవరిదో పుట్టువెంట్రుకల మూట. బర్త్‌డే కేకు, పెట్టెతో సహా. దేవుడి గదిలోంచి బయటపడేదేదైనా నిర్మాల్యమే అని వాళ్ళ లెక్క. క్రమంగా దేవుడి గదికి సంబంధం లేనివి కూడా పడ్డాయి. ఒకరోజు నల్ల కవరు విప్పితే పసిబిడ్డ డైపరు.

"ఇది కూడా దేవుడిదేనా అక్కా?" అన్నాను, ముక్కుకు కొంగు బిగించి.

"దేవుని డ్రమ్ముల ఉన్నది గద. చిన్ని కిష్ణుడు ఏసిండేమో," అంది. నవ్వొచ్చింది, డోకూ వచ్చింది.

కవర్లూ గాజుపెంకులూ, పైకి కనబడే చెత్తా ఏరి పారేసేవాళ్ళం. కానీ పూలదండల జోలికి పోలేదు. ఇదే అసలు సంగతి. చామంతి దండలు, గులాబీ గజమాలలు, మెడలోంచి తీసినవి తీసినట్టే ఉండేవి. వాటిని తెంపి, పువ్వు పువ్వు విడదీసి చూద్దామన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. "సామి మెడల దండను చింపుతమా చెల్లె, కండ్లు వోతయి," అంది ఆమె. నా మనసులోనూ అదే ఉంది. భక్తిగా, అట్లే దండకు దండగా జెముడు బోదెల పక్కన చాళ్ళు తీసి పరిచి, పైన పలచగా మన్ను కప్పాము. కప్పేముందు నేను దండం పెట్టుకునేదాన్ని.

ఇప్పటి దండలు దారంతో కట్టేవి కావని మాకు తెలియదా? తెలుసు. రోజూ చూస్తూనే ఉంటాము. గులాబీ కాడ విరిగిపోకుండా లోపల సన్నటి ఇనుపతీగ దూర్చుతారు. రేకులు ఒత్తుగా కనబడాలని గుండుసూదులు గుచ్చుతారు. చూస్తూనే ఉన్నా, దేవుడి మెడలో వేశాక అది ఇనుమని ఎవరికి తోస్తుంది?

ఎండాకాలం వచ్చింది. జెముడు నడుమెత్తు పెరిగింది. పాలామె పొద్దున్నే మట్టలు కోసి, అక్కడే బోదెపక్కన పడేసి, తర్వాత గంపకెత్తి, కొడవలితో ముక్కలు కొట్టి, వరిగడ్డిలో కలిపి పెట్టేది. ఉత్త జెముడు పెడితే పారుకుంటుందని వదిన చెప్పినా ఒకపూట గడ్డి లేక అదే పెట్టింది. కొట్టం గోడలనిండా పచ్చటి చిత్రాలు, ఆమె చీరమీద కూడా. "చూడు చెల్లె, హోలీ ఆడినం," అంది. అంత సంతోషంగా ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. పడుచు బర్రె చూడితో ఉంది. ఊరంతా మాడిపోతున్నా ఆ రెండూ నిగనిగలాడుతూ నెమరేస్తున్నాయి. కమ్యూనిటీవాళ్ళు వచ్చి ఆమెను జెముడు పక్కన నిలబెట్టి ఫోటో తీసి, క్లబ్‌హౌస్‌లో పెద్ద బోర్డు పెట్టారు.

రోహిణీ కార్తె ఎండల్లో చూడి బర్రె మేత మానేసింది. మోచేతులు బయటికి పెట్టి, వీపు విల్లులా వంచి, కదలమంటే మూలిగేది. రెండోరోజుకు రొమ్ము కింద నీరు దిగి సంచిలా వేలాడింది. పశువుల దవాఖాన నుంచి డాక్టరమ్మ వచ్చి, మెడకింద తట్టి, చెవిపెట్టి విని, "లోపల ఏదో గుచ్చుకుంది. కోసి చూడాలి, ఆశ పెట్టుకోవద్దు," అంది.

బర్రెను నిలబెట్టే ఎడమ డొక్క కోసింది. భుజందాకా తొడుగు వేసుకున్న చెయ్యి లోపలికి పెట్టింది. ఆ వాసన నేను చచ్చేదాకా మరిచిపోను. ఒక్కొక్కటే తీసి బకెట్లో వేస్తోంది. ప్లాస్టిక్ దారాల ఉండ, ఇంత. జరీ తుక్కు. వెండిరంగు కాగితం. దేవుడి లాకెట్టు ముక్క, మీద సగం ముఖం. తర్వాత తీగలు, పొట్టిపొట్టివి, నల్లబడినవి. గుండుసూదులు. నా చేతిలోనే బకెట్టుంది. టింగు టింగుమని పడుతుంటే నాకు గుడిగంట గుర్తొచ్చింది. ఒక తీగ మాత్రం చేతికి అందలేదంది డాక్టరమ్మ. అది అప్పటికే గుండె పొరదాకా పోయింది.

కుట్లు వేసి పోయాక నేను జెముడు దగ్గరికి పోయాను. ఆ పొద్దున కోసి పడేసిన మట్టలు అక్కడే ఉన్నాయి. ఒకటి ఎత్తి తిప్పితే, కోసినచోట కారిన జిగురుకు మన్ను, ఎండిన రేకులు, ఒక గుండుసూది, వంకర తీగముక్క అతుక్కుని ఉన్నాయి. కోసిన జెముడును ఆ మన్నుమీద పెట్టిన ప్రతిసారీ జిగురు ఇనుమును ఎత్తుకుంది. మేము దాన్ని తునకలు చేసి నోటికందించాము. పాలామె నా వెనకే వచ్చి చూసింది. "ముండ్లు లేని చెట్టుకు మనమే ముండ్లు గుచ్చినం చెల్లె," అంది.

బర్రె మూడోనాడు పోయింది, కడుపులో దూడతో. ఎత్తుకుపోవడానికి జేసీబీ వచ్చింది. నాలుక బయటపడి దుమ్ములో ఈడ్చుకుంటూ పోయింది. పాలామె దాని కొమ్ములకు పసుపు పూయబోతే డ్రైవరు, "టైం లేదమ్మా," అన్నాడు.

నేను ఊరుకోలేక సెక్రటరీ గారి దగ్గరికి పోయాను. ఆ తీగలను కాగితంలో పొట్లం కట్టుకుని పోయాను. ఆయన పొట్లం ముట్టుకోలేదు, కుర్చీ వెనక్కి జరిపారు.

"మన గుడి పూలవల్లే అని ప్రూఫ్ ఏముందండి? రోడ్డుమీద కూడా తింటుంటాయి కదండి."

"ఆ బర్రె రోడ్డెక్కదు సార్. మీ గోడపక్కనే కట్టేసి ఉంటుంది."

"సెంటిమెంట్ ఇష్యూ అండి ఇది. స్వామివారి పూలు తిని పోయిందంటే గ్రూపులో గొడవైపోతుంది. అయినా అంత పవిత్రమైనవి తిని పోయిందంటే మోక్షమే కదండి దానికి."

ఆ మాట అని ఆయన చేతికి శానిటైజర్ రాసుకున్నారు. నాకు కోపం రాలేదు. కోపం కంటే కింద ఏదో ఉంటుంది చూడండి, పాచిపట్టిన గిన్నెలో వేలు పెట్టినట్టు, అది వచ్చింది. ఇంటికొచ్చి తలంటుకున్నాను. నీళ్ళిచ్చిన పుణ్యానికి ఆయనకు దండం పెట్టుకున్న చేతులే ఇవి. ఆ దండం వెనక్కి తీసుకోలేదు. నీళ్ళిచ్చింది నిజమే. రోత పుట్టించింది కూడా నిజమే.

పెద్ద బర్రెకు ఆ తర్వాత ఒక్క మట్ట కూడా పెట్టలేదు ఆమె. వదిన ఫోన్లో మొత్తుకుంది, "జెముడు తప్పేముంది మే, మన్ను మార్చి, కడిగి పెట్టమను!" నేనూ చెప్పి చూశాను. "నా చెయ్యి వోతలేదు చెల్లె," అంది. గడ్డి కొనలేక, వానలకు కొద్దిరోజుల ముందే దాన్ని శంకర్‌పల్లి దిక్కు రైతుకు ఇచ్చేసింది. ఆటోలో ఎక్కించేటప్పుడు తాడు నా చేతికిచ్చి కొట్టంలోకి పోయి తలుపేసుకుంది.

ఇప్పుడామె ఆ కమ్యూనిటీలోనే హౌస్‌కీపింగ్ చేస్తోంది. బూడిదరంగు యూనిఫాం, మెడలో కార్డు. ఆమె పని గుడి చుట్టుపక్కల. పసుపు డ్రమ్ము ఇంకా అక్కడే ఉంది, కొత్తగా రంగు కూడా వేశారు. రోజూ మధ్యాహ్నం ఆమే దాన్ని వంచి, గోనెసంచుల్లోకి ఎత్తి, చెత్తబండికి ఎక్కిస్తుంది. ఏ కంపుతో వాళ్ళు ఆమె కొట్టం నింపారో, ఆ కంపును శుభ్రం చేయడానికి ఆమెనే జీతానికి పెట్టుకున్నారు. క్లబ్‌హౌస్‌లో ఆమె ఫోటో ఇప్పటికీ ఉందట. వంగి తుడుస్తున్నది ఆ ఫోటోలోని మనిషేనని ఎవరూ గుర్తుపట్టలేదు.

మొన్న గేటు దగ్గర కనబడితే అడిగాను, "అక్కా, నీకు రోతగా లేదా?"

"ఎందుకు లేదు? ముక్కు ఉన్నది గద నాకు," అంది. "జర పొద్దువోతది చెల్లె. ఇంట్ల కూసుంటే కొట్టం కనవడ్తది."

మా ఇంట్లో ఇప్పుడు పాకెట్ పాలు. పూజకు పెరట్లో పూసిన నందివర్ధనాలే, విడిపూలు. దేవుడి మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ దండలు మోసి ఆయన మెడ కూడా రక్కుకుపోయి ఉంటుంది. బజారులో చామంతి దండ వాసనొస్తే మాత్రం ఇప్పటికీ ముక్కు మూసుకుని దాటుతాను.

ఇది చదివినవాళ్ళు నాకోసం ఏమీ చెయ్యక్కర్లేదు. మీరు ఏ దేవుడి ముందు చేతులు జోడిస్తారో, ఆయన ముందు ఒక్కసారి ఆమెను తలుచుకోండి. పేరు రాయొద్దంది, రాయలేదు. గోపన్‌పల్లిలో రెండు బర్రెలను ఎండాకాలం దాటిద్దామని చూసిన ఒకామె అంటే చాలు, ఆయనకు తెలుస్తుంది.